పైలట్లు చూచిన ఆ వెలుగులు ఏమిటి?

నర్సంపేట నుండి పాఖాల చెరువు వైపు పోయే దారిలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎటు చూచినా ఎర్రగా ఆరబోసిన మిరప కల్లాలే. పగలంతా కూలివాళ్ళ సందడి ఉంటుంది. రాత్రికి మాత్రం ఇంటికొకరు చొప్పున కల్లం దగ్గర కావలి పడుకోవాలి. ఒక మంచం, ఒక దుప్పటి, ఒక టార్చిలైటు, పైన ఆకాశం. మన సంఘాల్లో ఆకాశాన్ని ఎక్కువసేపు చూచేవారెవరని అడిగితే ఈ కావలివారి పేరే మేము చెబుతాము.

ఆ దారిలోని ఒక ఊరిలో మాకు బాగా తెలిసిన పెద్దయ్య ఒకరు ఉన్నారు. డెబ్బై ఏళ్ళు దాటినవాడు. ఒక మిరప కాలంలో మేము ఆయన కల్లం దగ్గర కూర్చున్నప్పుడు ఆయనే మాట కదిపాడు. "సారూ, మొన్న కోడి కూసే యాళ్లకు చుక్కలు వరుస కట్టి పోయినయ్. ఒకటి గాదు, రెండు గాదు, రైలు పెట్టెల లెక్క. సప్పుడు మాత్రం లేదు." మేము నవ్వాము. "నిద్రమత్తులో చూచి ఉంటావు పెద్దయ్యా" అన్నాము. ఆయన కోపపడలేదు. కొంచెంసేపు ఊరుకుని, ఈసారి మిరపకు ఏం ధర పలుకుతుందో అని వేరే మాట ఎత్తుకున్నాడు. ఆ మాట మార్చడం మాకు ఆనాడు పట్టలేదు.

ఇరవై రోజులు కూడా కాలేదు. పక్క ఊరిలో గృహ ప్రార్థన కూటం ముగించుకుని రాత్రి ఏడు దాటాక ఆటో కొరకు రోడ్డు మీద నిలబడి ఉన్నాము. పది పన్నెండు మందిమి ఉంటాము. పడమటి దిక్కున ఒక చుక్క లేచింది. దాని వెనుక ఇంకొకటి, దాని వెనుక ఇంకొకటి. దారంలో గుచ్చిన పూసల్లాగా, అన్నీ ఒకే వేగంతో, ఒకే గీత మీద, చప్పుడు లేకుండా మా తలల మీదుగా ఈశాన్యం వైపు సాగిపోయి ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. ఎవరూ మాట్లాడలేదు. చివరికి చంకలో బిడ్డను ఎత్తుకున్న ఒక సహోదరి మమ్మును అడిగింది, "ఇది రాకడ గుర్తేనా అయ్యా?" ఒక కుర్రవాడు యుద్ధ విమానాలన్నాడు. మాకు ఏమని చెప్పాలో తెలియలేదు. మిరప కల్లం దగ్గర నవ్విన నవ్వు మాత్రం జ్ఞాపకం వచ్చింది.

తరువాత విచారించి తెలుసుకున్నది ఇది. అవి స్టార్‌లింక్ అనే అమెరికా కంపెనీవారి ఉపగ్రహాలు. ఇంటర్నెట్టు కొరకు 2019 మే నెలలో మొదటిసారి ఒకే రాకెట్టులో 60 ఉపగ్రహాలను పంపారు. అప్పటి నుండి గుంపులు గుంపులుగా పంపుతూనే ఉన్నారు, లెక్క వేలకు వేలు దాటింది. రాకెట్టు విడిచిపెట్టిన మొదటి కొన్ని రోజులు అవి ఒకదాని వెనుక ఒకటి వరుసగా పోతాయి. ఆ తరువాత ఇంకా పైకెక్కి, దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో ఎడమెడమై కంటికి అంతగా ఆనవు. వాటికి సొంత దీపాలు లేవు. సాయంత్రం మన ముంగిట్లో నీడ పడినా తాటిచెట్టు మొవ్వు మీద ఇంకా ఎండ ఉండటం మీరు చూచే ఉంటారు. ఇదీ అంతే. మనకు పొద్దు గుంకినా అంత ఎత్తున ఉన్నవాటికి ఇంకా గుంకదు గనుక ఎండ తగిలి మెరుస్తాయి. తెల్లవారుజామున కూడా ఇట్లే జరుగుతుంది. పెద్దయ్య చెప్పిన వేళ, చెప్పిన వరుస, చెప్పిన నిశ్శబ్దం అన్నీ సరిపోయాయి.

నర్సంపేట వాసులకు విమానాల దీపాలు కొత్త కాదు. హైదరాబాదు నుండి భువనేశ్వర్, కలకత్తా వైపు వెళ్ళే దారి ఇంచుమించు మన తల మీదుగానే. ఆ విమానాల్లో ముందు కూర్చున్నవారు, అంటే పైలట్లు, మన కావలివారి లాగానే రాత్రంతా ఆకాశాన్ని చూస్తూ ఉంటారు. వారికీ తెలియని వెలుగులు కనబడతాయా? కనబడతాయి. చెప్పితే జనం నవ్వుతారా? మేము పెద్దయ్యను చూచి నవ్వినట్లే నవ్వారు.

1947 జూన్ 24న అమెరికాలో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే వ్యాపారి సొంత చిన్న విమానంలో పోతూ, రేనియర్ పర్వతం దగ్గర తొమ్మిది వస్తువులు తళుక్కుమంటూ మహా వేగంతో పోవడం చూచాడు. నీళ్ళ మీదికి సాసరు విసిరితే ఎగిరెగిరి పడినట్లు పోయాయని అతడు వాటి నడకను గురించి చెప్పాడు. పత్రికలవారు వాటి ఆకారమే సాసరు అన్నట్లు 'ఎగిరే పళ్ళెములు' అని పేరు పెట్టారు. ఒక పోలిక అటు తిరిగి ఇటు తిరిగి ప్రపంచానికంతటికీ ఒక బొమ్మ అయ్యింది! పది రోజులకు, జూలై 4న, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కెప్టెన్ స్మిత్ అనే ఆయన ఐడహోలోని బోయిసీ పట్టణంలో విమానం ఎక్కబోతూ, అటువంటివి కళ్ళారా చూస్తేనే నమ్ముతానని వేళాకోళమాడాడు. పైకి లేచిన కొన్ని నిమిషాలకే అతనికీ, అతని తోటి పైలట్‌కూ ఎదుట చదునైన వస్తువులు గుంపుగా కనబడ్డాయి. ఎదురుగా వేరే విమానం వస్తున్నదనుకుని మొదట దీపాలు వెలిగించి చూపించారు. ఆ తరువాత విమాన సేవికను పిలిచి చూపించారు, ఆమె కూడా చూచింది. అవి ఏమిటో ఈనాటికీ తేలలేదు.

పైలటు కంటిచూపుకు ప్రతి సంవత్సరం పరీక్ష ఉంటుంది. పిచ్చి మాటలు చెబితే ఉద్యోగం పోతుంది. మరి అటువంటివాడు చెప్పిన మాటను నమ్మక ఏం చేయాలి? ఇక్కడే చిక్కు ఉంది. మంచి కన్ను కూడా చీకటిలో ఒక వెలుగు ఎంత దూరాన ఉన్నదో చెప్పలేదు. మన కల్లం దగ్గరైతే చెట్టు ఉంది, గుట్ట ఉంది, కరెంటు స్తంభం ఉంది, వాటిని బట్టి అంచనా వేస్తాము. పదకొండు కిలోమీటర్ల పైన, సముద్రం మీద, అమావాస్య రాత్రి, పోల్చడానికి ఏదీ లేదు. దగ్గరి చిన్న దీపమూ దూరపు పెద్ద దీపమూ ఒక్కటిగానే కనబడతాయి. వరంగల్ నుండి నర్సంపేటకు రాత్రి బస్సులో వచ్చే పిల్లలు చందమామ మన వెంటే వస్తున్నాడంటారు కదా. దూరపు వెలుగు ఎప్పుడూ మన వెంట వస్తున్నట్లే ఉంటుంది. ఇంకొక సంగతి, చీకటిలో ఒంటరి దీపాన్ని కన్నార్పకుండా చూస్తే, కదలని దీపం కూడా కదలినట్లు కనబడుతుంది. పైలట్ల చదువులో దీనిని ఒక పాఠంగానే చెబుతారు. మంచం మీద పడుకుని మీరే ఒక చుక్కను అట్లా చూచి పరీక్షించుకోవచ్చు.

అందరికంటే ఎక్కువ మందిని బోల్తా కొట్టించింది శుక్రుడు. మన పెద్దలు వేగుచుక్క అని పిలిచేది ఈ గ్రహాన్నే. సూర్యచంద్రుల తరువాత ఆకాశంలో అంత ప్రకాశమైనది లేదు. 2011 జనవరి 14 రాత్రి ఎయిర్ కెనడా విమానం ఒకటి టొరంటో నుండి జూరిచ్‌కు అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతున్నది. నియమం ప్రకారం కాసేపు కునుకు తీసి అప్పుడే లేచిన సహపైలట్‌తో, ఎదురుగా వేయి అడుగుల దిగువన ఒక సైనిక విమానం వస్తున్నదని కెప్టెన్ చెప్పాడు. నిద్రమబ్బులో ఉన్న అతడు మొదట శుక్రుణ్ణి చూచి అదే విమానమనుకున్నాడు. అది కాదని కెప్టెన్ చెప్పాక నిజమైన విమానం దీపాలు కనబడ్డాయి. అది తమ మీదికే దిగుతున్నదని భయపడి విమానాన్ని ఒక్కసారిగా కిందికి తోశాడు. కెప్టెన్ వెంటనే పైకి లాగాడు. అంతా కలిసి ఒక్క నిమిషం లోపే. బెల్టు పెట్టుకోకుండా నిద్రిస్తున్నవారు పైకప్పుకు కొట్టుకున్నారు. 14 మంది ప్రయాణికులకు, ఇద్దరు విమాన సిబ్బందికి గాయాలు. ఆ ఎదురు విమానం ఏ ఆపదా లేకుండా తన దారిన తాను పోయింది.

ఇంతకంటే ముందు, 1948 జనవరి 7న, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో థామస్ మాంటెల్ అనే పాతికేళ్ళ సైనిక పైలటు ఆకాశంలో తెల్లగా మెరుస్తున్న ఒక పెద్ద గుండ్రని వస్తువును తరుముకుంటూ పైపైకి వెళ్ళాడు. అతని విమానంలో ఆక్సిజన్ లేదు. గాలి పలచబడి స్పృహ తప్పింది, విమానం కూలి అతడు మరణించాడు. సైన్యంవారు మొదట అది శుక్రగ్రహం అన్నారు. పట్టపగలు శుక్రుణ్ణి తరిమాడంటే ఎవరూ ఒప్పుకోలేదు. అది బహుశా 'స్కైహుక్' అనే మహా బెలూను అయి ఉంటుందని తరువాత తేలింది. నౌకాదళంవారు దానిని రహస్యంగా ఎగురవేస్తున్నారు గనుక మాంటెల్‌కూ తెలియదు, అతణ్ణి పంపినవారికీ తెలియదు. తెలిసినవారు చెప్పకపోవడం వలన తెలియనివాడు చనిపోయాడు. ఈ సంగతి చదివినప్పుడు మాకు చాలాసేపు వేరే పని తోచలేదు.

అటువంటి బెలూన్లు మన దగ్గరే ఎగురుతాయి. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతంలో టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం 1969 నుండి ఉంది. పలచని పాలిథిన్ కాగితంతో చేసిన ఆ బెలూన్లు పైకి పోయాక ఉబ్బి 50 నుండి 85 మీటర్ల వరకు అడ్డంగా విస్తరిస్తాయి. అంటే ఊరి చెరువు కట్ట మీద నిలిపితే కట్ట కనబడదు! హైడ్రోజన్ వాయువు నింపి రాత్రివేళనో తెల్లవారుజామునో వదులుతారు. 30 నుండి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి, ప్రయాణికుల విమానం ఎగిరే ఎత్తుకు అది దాదాపు మూడింతలు. అక్కడ వాటి మీద మనకంటే ముందు ఎండ పడుతుంది గనుక తెల్లవారుజామున వెండి దీపంలాగా వెలుగుతాయి. పని ముగిశాక యంత్రాల పెట్టెలు పెద్ద రంగురంగుల పారాచూట్ల మీద కిందికి దిగుతాయి. ఎక్కడ దిగవచ్చో తెలియదు గనుక తెలంగాణ జిల్లాల అధికారులకు ముందుగానే ఉత్తరాలు రాస్తారు. వాటిలో వరంగల్ పేరూ ఉంటుంది.

2022 డిసెంబరు 7న హైదరాబాదు ఆకాశంలో తెల్లని వస్తువొకటి నిలిచి ఉండటం వేలమంది చూచారు. పక్క లోకాలవారు వచ్చారని ఫోన్లలో ఫోటోలు తిరిగాయి. అదే రోజు వికారాబాద్ జిల్లాలో ఒక పొలంలో, మనుషులు కూర్చునే గదిలాంటి ఒక వింత పెట్టె దిగింది. ఊరంతా చుట్టూ చేరింది. అది ఈ కేంద్రం నుండే ఎగిరిన బెలూను. కొన్నాళ్ళకు మనుషులను అంత ఎత్తుకు తీసుకువెళ్ళాలనే ఆలోచనతో స్పెయిన్ దేశపు సంస్థ ఒకటి ఖాళీ పెట్టెను పరీక్షకు పంపింది, అంతే. మీ చేనులో ఎప్పుడైనా ఇటువంటిది దిగితే దానిని విప్పకండి, కోయకండి. కొన్నిటిలో హెచ్చు కరెంటు ఉండవచ్చు, పాడుచేస్తే ఏళ్ళ తరబడి చేసిన పని పోతుంది. పెట్టె మీద రాసి ఉన్న నంబరుకు ఫోను చేయండి, లేదా పోలీసు స్టేషనులో చెప్పండి. దొరికినవారికి బహుమానం కూడా ఇస్తారు.

ఆకాశం నుండి పడేవన్నీ ఇంత మెల్లగా దిగవు. 2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్రలో చాలా జిల్లాలవారికి నిప్పుల గుంపు ఒకటి ఆకాశాన్ని చీల్చుకుంటూ పోవడం కనబడింది. మన ఆసిఫాబాద్ జిల్లాకు పొరుగున ఉన్న చంద్రపూర్ జిల్లాలో లాడ్‌బోరి అనే ఊరి దగ్గర పెద్ద ఇనుప చక్రం లాంటిది పడింది. అది అంతకు ముందు సంవత్సరం ఎగిరిన చైనా రాకెట్టు ముక్కయని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. లడఖ్‌లో మన సైనికులు 2012 ఆగస్టు నుండి 2013 ఫిబ్రవరి వరకు 329 సార్లు వెలుగులు చూచామని రాసిపెట్టారు, అవి పొరుగు దేశపు గూఢచారి విమానాలేమోనని సందేహించారు. బెంగుళూరు ఖగోళ శాస్త్రజ్ఞులు వచ్చి చూస్తే ఒకటి శుక్రుడు, రెండవది గురుడు. ఆ జవాన్లను మేము తప్పుపట్టము. సరిహద్దున కాపలా ఉన్నవాడు చూచింది రాసిపెట్టవలసిందే. రాసిపెట్టారు గనుకనే తేలింది.

2022 ఆగస్టు నుండి పసిఫిక్ మహాసముద్రం మీద రాత్రి విమానాలు నడిపే పైలట్లు ఒకే రకమైన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఉత్తరాన సప్తర్షుల దిగువన దీపాలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి, పందెపు గుర్రాలు మైదానంలో తిరిగినట్లు గుండ్రంగా తిరుగుతున్నాయి అని. ఫోన్లతో ఫోటోలు కూడా తీశారు. ఆ విమానాలు ఎక్కడ ఉన్నాయో, ఆ క్షణాన ఏ ఉపగ్రహం ఎక్కడ ఉందో పక్కపక్కన పెట్టి చూచారు. మళ్ళీ స్టార్‌లింకే! అర్ధరాత్రి వేళ సూర్యుడు భూమికి అవతల ఉన్నప్పుడు, అద్దం వాటంగా తిరిగిన ఉపగ్రహం ఒక్క క్షణం తళుక్కుమని ఆరిపోతుంది. అదే చోటికి వెనుకనుండి ఇంకొకటి వస్తుంది. చూచేవారికి ఒకే దీపం తిరిగి తిరిగి వస్తున్నట్లుంటుంది. అనుభవం లేకపోవడం కాదు సుమా, వారు ఇరవై ఏళ్ళుగా ఆ దారిలో తిరిగినవారే. అయితే ఆ ఇరవై ఏళ్ళలో ఆకాశమే మారిపోయింది.

ఇంతవరకు చదివి, పైలట్లు చూచినవన్నీ పొరపాట్లే అనుకుంటారేమో. ఉరుముల మబ్బుల పైన ఎర్రని వెలుగులు ఒక్క క్షణం పైకి లేస్తాయని విమానాలు నడిపేవారు ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చారు. మెరుపు కిందికి పడాలి గాని పైకి లేస్తుందా అని ఎవరూ పట్టించుకోలేదు. కొందరు అసలు నోరే విప్పలేదు. 1989 జూలై 6న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు ఒక కొత్త కెమెరాను పరీక్షిస్తుండగా దూరపు గాలివాన మీద ఆ వెలుగు అనుకోకుండా అందులో పడింది. 'స్ప్రైట్' అని దానికి పేరు పెట్టారు. మబ్బు మీద 50 నుండి 90 కిలోమీటర్ల ఎత్తు వరకు వ్యాపించి, రెప్పపాటు కంటే తక్కువలో మాయమవుతుంది. పైలట్లు చెప్పింది అక్షరాలా నిజం.

జపాన్ ఎయిర్‌లైన్స్ కెప్టెన్ కెంజు తెరౌచి సంగతి ఇంకొక రకం. 1986 నవంబరు 17న ఫ్రాన్సు నుండి ద్రాక్షారసం నింపుకుని వస్తున్న సరుకు విమానాన్ని నడుపుతూ, అలాస్కా మీద తనకు దీపాలు, ఆ తరువాత ఓడ కంటే పెద్ద ఆకారం వెంట వచ్చాయని చెప్పాడు. రాడారులో ఏదో కనబడిందన్నారు, తరువాత అది విమానం ప్రతిబింబమే కావచ్చునన్నారు. గ్రహాలను చూచి భ్రమపడ్డాడని కొందరన్నారు. ఆయన చూచింది ఏమైనా గాని, పత్రికలవారితో మాట్లాడిన తరువాత ఆయనను కొంతకాలం విమానం నడపనివ్వక ఆఫీసు పనికి మార్చారని అంటారు. అటువంటిది విన్న తరువాత మరుసటి పైలటు ఏం చేస్తాడు? చూచి ఊరుకుంటాడు. 2023 సెప్టెంబరులో నాసా నియమించిన 16 మంది పండితుల సంఘం తన నివేదికలో సరిగ్గా ఈ మాటే చెప్పింది. పక్క లోకాలవారు వచ్చారనడానికి ఏ రుజువూ దొరకలేదు, అయితే చెప్పినవారిని ఎగతాళి చేయడం వలన సమాచారమే రాకుండా పోతున్నది, పైలట్లు భయం లేకుండా చెప్పుకునే ఏర్పాటు ఉండాలి అని.

ఎందుకంటే దీపం ఏదైనా విమానానికి అది ఆపద కావచ్చు. 2023 నవంబరు 19న మణిపూర్‌లోని ఇంఫాల్ విమానాశ్రయం మీద ఏదో తిరుగుతున్నదని మధ్యాహ్నం విమానాలను ఆపివేశారు. కొన్నిటిని వేరే ఊళ్ళకు మళ్ళించారు. వైమానిక దళం యుద్ధ విమానాలను పంపి వెదికించింది, అవి వెళ్ళేసరికి ఏమీ కనబడలేదు. లోపల కూర్చున్న తల్లులకూ పిల్లలకూ ఆ మూడు గంటలు ఎట్లా గడిచాయో!

ఇవన్నీ తెలుసుకున్న తరువాత మేము మళ్ళీ పెద్దయ్య కల్లం దగ్గరికి వెళ్ళాము. అప్పటికి మిరప బస్తాలకెత్తి, తాలుకాయ మాత్రం ఒక మూల మిగిలి ఉంది. "పెద్దయ్యా, నువ్వు చూచింది నిజమే, నవ్వినందుకు తప్పయ్యింది" అని ఉపగ్రహాల సంగతి చెప్పాము. ఆయన శ్రద్ధగా విన్నాడు. తాటిచెట్టు మొవ్వు పోలిక ఆయనకు బాగా నచ్చింది. "గట్లనా!" అని రెండుసార్లు అన్నాడు.

కొంతసేపు అయిన తరువాత, ఎవరైనా వింటున్నారేమోనని అటు ఇటు చూచి, "ఇంకొకటి ఉన్నది సారూ. అప్పుడే చెబుదామనుకున్న. మీరు నవ్విండ్రని చెప్పలే" అన్నాడు. రెండేళ్ళ కింద పత్తి ఏరే కాలంలో, పాఖాల గుట్టల మీద, ఒక వెలుగు వచ్చి నిలిచి, ఎర్రబడి, నిలువునా కిందికి దిగి ఆరిపోయిందట. వరుస లేదు, చుక్క కాదు, పారాచూటు కనబడలేదు. ఏ నెల, ఏ వేళ, ఏ దిక్కు, ఎంతసేపు అని ఒక్కొక్కటే అడిగాము. ఆయన లేచి నిలబడి, ఆ రోజు తాను నిలిచిన చోటనే నిలిచి, చెయ్యి చాచి చూపించాడు. మేము సంచిలోనుండి పుస్తకం తీసి రాసుకున్నాము.